టీకా తరువాత వచ్చినది, టీకా వలన వచ్చినది

పసిఫిక్ మహాసముద్ర మధ్యమున, మొత్తము జనసంఖ్య సుమారు రెండు లక్షలు మాత్రమే గల సమోవా అను చిన్న ద్వీపదేశమునందు, 2018వ సంవత్సరము జులై 6వ తేదీన, సవాయి అను దీవిలోని ఒక ఆసుపత్రికి తల్లులు తమ పసిబిడ్డలను టీకా కొరకు తీసికొనివచ్చిరి. అది తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అను మూడు వ్యాధులను ఒక్క సూదితో నివారించెడి టీకా. దశాబ్దములుగా లోకమునందు కోట్లకొలది పిల్లలకు వేయుచున్నదే. ఆనాడు సూది వేసిన కొలది నిమిషములలో ఏడాది ప్రాయపు శిశువు ఒకటి కన్నుమూసెను. సుమారు రెండు గంటల పిదప అక్కడనే సూది వేయించుకొనిన రెండవ శిశువును అట్లే మరణించెను. టీకా పిల్లలను చంపుచున్నదను మాట అచిరకాలముననే ఆ దేశమంతట ప్రాకిపోయెను.

ఆ మాటను ద్వేషబుద్ధితో ఎవరో పనిగట్టుకొని కల్పించిరని అనుటకు వీలులేదు. ఇద్దరు శిశువులు మరణించిన మాట సత్యము. సూది వేసిన వెంటనే మరణించిన మాటయు సత్యము. ఆ రెండు సత్యములను కట్టిన ముడియందే అసత్యము దాగియున్నది. తట్టు టీకా పొడిరూపమున ఒక బుడ్డిలోను, దానిని కరగించుటకు కావలసిన శుద్ధజలము వేరొక బుడ్డిలోను వచ్చును. సూది వేయు నర్సు ఆ రెంటిని కలిపి పిచికారీలోనికి ఎక్కించవలెను. సవాయిలోని నర్సులు ఆనాడు నీటి బుడ్డికి బదులుగా, శస్త్రచికిత్స సమయమున రోగి కండరములను సడలించుటకు వాడెడి మత్తుమందు బుడ్డిని, అందునను గడువు తీరిన దానిని, పొరపాటున తీసికొనిరి. పిల్లల ఊపిరి నిలిపినది ఆ మందే. నర్సులిద్దరును న్యాయస్థానమున తమ దోషమును ఒప్పుకొనిరి. 2019 ఆగస్టులో వారికి ఐదేండ్ల కారాగారశిక్ష పడెను.

కాని జులై మరణములకును, మరుసటి ఏటి తీర్పునకును నడుమ ఒక దీర్ఘమైన నిశ్శబ్దము గడచినది. ప్రభుత్వము ఆ టీకాను దేశమంతట నిలిపివేసి, నెలల తరబడి తిరిగి ప్రారంభింపక జాగుచేసినది. ఏమి జరిగినదో చెప్పవలసినవారు స్పష్టముగా చెప్పకుండిన ఆ కాలములో, చెప్పనక్కరలేనివారు విదేశములనుండి సైతము అనేక కథలను చెప్పిరి. టీకా తిరిగి వచ్చిన పిదపను తల్లులు రాలేదు. మొదటి మోతాదు అందిన పిల్లలు మూడింట ఒక వంతుకు పడిపోయిరి. 2019 సెప్టెంబరు ప్రాంతమున న్యూజిలాండుతో జరిగెడి రాకపోకల వలన తట్టు వైరసు దీవులలో అడుగుపెట్టెను. నవంబరు 15న అత్యవసరపరిస్థితి ప్రకటించిరి. డిసెంబరులో రెండు దినములపాటు ప్రభుత్వ కార్యాలయములను మూసివేసి, టీకా పడని మనిషి ఉన్న ప్రతి ఇంటివారును గుమ్మమున ఎఱ్ఱగుడ్డ కట్టవలెనని ఆజ్ఞాపించి, టీకా బృందములను ఇల్లిల్లు తిప్పిరి. వ్యాధి అణగునప్పటికి 5,700 మందికి పైగా దాని వాత పడిరి. 83 మంది చనిపోయిరి. వారిలో అత్యధికులు ఐదేండ్లు నిండని పసివారు. ఆ సంవత్సరమే ఇరుగుపొరుగు దేశములైన టోంగాకును, ఫిజీకిని అదే వైరసు సోకినను, అక్కడి పిల్లలలో టీకాలు పడినవారు చాల ఎక్కువగా ఉండుటచేత ఒక్క ప్రాణమైనను పోలేదు.

నర్సుల చేతిలో జరిగిన పొరపాటు ఇద్దరిని బలిగొనినది. ఆ పొరపాటును ఏడాదిపాటు టీకాకు అంటగట్టి ఉంచిన వదంతియు, ఆ వదంతికి సకాలమున సమాధానము చెప్పలేని మౌనమును కలిసి అంతకు నలుబది రెట్ల ప్రాణములను బలిగొనినవి. మన దేశమున టీకాలపై వ్యాపించెడి అపోహలను గూర్చి యోచించువారు మొట్టమొదట గ్రహింపవలసినది ఈ సంగతియే అని నా తలంపు: అపోహకు అజ్ఞానము ఒక్కటే తల్లి కాదు, పలుమారులు దాని మూలమున నిజమైన దుఃఖమొకటి ఉండును, ఆ దుఃఖమునకు గౌరవముతో, వేగముగా, సత్యముగా బదులు చెప్పనిచో అది వదంతియై తిరుగును.

ఇది దూరదేశపు ముచ్చట యని అనుకొనుటకు వీలులేదు. 2019 మార్చిలో మన హైదరాబాదు నగరముననే, టీకాలు వేయించుకొనిన పసిబిడ్డలకు జ్వరము తగ్గుటకై ఇవ్వవలసిన పారాసిటమాల్ మాత్రలకు మారుగా, తీవ్రమైన నొప్పులకు పెద్దవారికి ఇచ్చెడి ట్రమడాల్ మాత్రలను ఒక ఆరోగ్యకేంద్రమున పొరపాటున ఇచ్చిరి. అనేక శిశువులు మత్తులో మునిగి ఆసుపత్రి పాలైరి, మరణములును సంభవించెను. ఆ రోజులలో మొదట వెలువడిన మాట టీకా వికటించినదనియే. అసలు కారణము మాత్ర యని వైద్యులు త్వరలోనే కనుగొని పత్రికాముఖమున ప్రకటించుటచేత, ఆ వార్త సమోవాలో వలె సంవత్సర పర్యంతము పెరుగక ఆగినది. కాని బిడ్డను పోగొట్టుకొనిన ఇంటికి ఆ వివరణ వలన ఒరిగినదేమియు లేదనుటయు మరువరాదు.

మన తార్కికులు కాకతాళీయన్యాయమని ఒకదానిని చెప్పుదురు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలుటయు, ముగ్గిన తాటిపండు రాలుటయు ఒకే క్షణమున జరిగినంత మాత్రమున, కాకి వలననే పండు రాలినదని నిశ్చయింపరాదని దాని భావము. ఒకటి ముందును, మరియొకటి వెనుకను వచ్చినప్పుడు ముందుదే వెనుకదానికి కారణమని తోచుట మనుష్యస్వభావము. ఆ స్వభావమును అదుపులో పెట్టుటకే న్యాయశాస్త్రము అన్వయవ్యతిరేకములను పరీక్షను విధించినది. అది ఉన్నచోట ఇది ఉండవలెను. అది లేనిచోట ఇదియు లేకుండవలెను. ఈ రెండును కుదిరిననే కార్యకారణసంబంధమును అంగీకరింపవలెను. టీకాల విషయమున శాస్త్రజ్ఞులు నేడు చేయుచున్న పరిశోధన యంతయు లక్షల మందిపై జరిపెడి ఈ పరీక్షయే.

మన దేశమున ఈ పరీక్ష ఎంత ఆవశ్యకమో ఒక్క లెక్కవలన తెలియును. భారతదేశమున ఏటేట రెండు కోట్లకు పైగా శిశువులు జన్మించుచున్నారు. దురదృష్టవశమున వారిలో వేయింటికి సుమారు పాతికమంది మొదటి పుట్టినరోజునకు ముందే నెలలు నిండకపోవుట, శ్వాసరోగము, విరేచనములు, పుట్టుకతో వచ్చిన లోపములు మొదలగు కారణములచేత మరణించుచున్నారు. ఆ మొదటి సంవత్సరముననే పుట్టిన నాడు ఒకమారు, ఆరు, పది, పదునాలుగు వారములకు మూడుమారులు, తొమ్మిది నెలలకు మరియొకమారు వారికి టీకాలు వేయవలసియున్నది. అట్లగుటచేత, టీకాలలో ఏ దోషమును లేకున్నను, సూది పడిన దినమునకో మరుసటి దినమునకో ఏదో ఒక వ్యాధి బయటపడెడి శిశువులు, కొందరు దురదృష్టవశమున మరణించెడి శిశువులు, ఏటేట కొన్ని వేల ఇండ్లలో ఉండక తప్పదు. అట్టి తల్లిదండ్రుల కంటికి సూది కనిపించును. అదే వారమున అదే వ్యాధి వచ్చిన, సూది పడని వేరొక ఊరి బిడ్డ కనిపించదు. వ్యతిరేకమును చూపవలసిన బాధ్యత శాస్త్రజ్ఞునిపై ఉన్నది.

ఈ పరీక్షను ఎగవేయుట వలన కలిగిన ప్రమాదమునకు ఇంగ్లండులో జరిగిన ఉదంతము ప్రసిద్ధమైనది. 1998 ఫిబ్రవరిలో లండను నగరపు రాయల్ ఫ్రీ ఆసుపత్రికి చెందిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అను వైద్యుడును, అతని సహచరులును ‘లాన్సెట్’ అను సుప్రసిద్ధ వైద్యపత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. అందు పరిశీలింపబడిన పిల్లలు కేవలము 12 మంది. వారిలో కొందరికి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాల సంయుక్త టీకా వేసిన పిదప ఆటిజము లక్షణములు కనిపించినవని తల్లిదండ్రులు చెప్పినట్లు వ్రాసిరి. సంబంధమును తాము నిరూపింపలేదని ఆ వ్యాసముననే ఉన్నది. ఐనను విలేకరుల సమావేశమున ఆ వైద్యుడు సంయుక్త టీకాను మాని, విడివిడిగా వేయుట మేలని చెప్పెను. మరునాటినుండి పత్రికలును, టెలివిజనును ఆ మాటను ఇంటింటికి చేర్చినవి. 92 శాతమున ఉండిన టీకాల వ్యాప్తి ఇంగ్లండున 2003 నాటికి సుమారు 80 శాతమునకు దిగజారినది. లండనులోని కొన్ని పేటలలో అంతకంటె తక్కువ.

నిజము వెలికివచ్చుటకు సంవత్సరములు పట్టినది. బ్రయాన్ డీర్ అను పత్రికారచయిత 2004 నుండి పట్టువిడువక పరిశోధించి, టీకా కంపెనీలపై దావా వేయదలచిన న్యాయవాదులనుండి ఆ వైద్యునికి రహస్యముగా ధనము ముట్టినదనియు, వ్యాసమునకు ముందే అతడు వేరొక తట్టు టీకాకు పేటెంటు కోరియుండెననియు, పిల్లల వైద్యపత్రములలో ఉన్న సంగతులకును వ్యాసములోని సంగతులకును పొంతన లేదనియు బయటపెట్టెను. 13 మంది రచయితలలో పదిమంది 2004లోనే ఆ వ్యాసము చేసిన వ్యాఖ్యానమును ఉపసంహరించుకొనిరి. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రిక వ్యాసమునే రద్దుచేసెను. ఆ పిల్లలకు అవసరము లేని వెన్నునీటి పరీక్షలు, ప్రేగు పరీక్షలు జరిపించిన దోషమును గూడ నిర్ణయించి, ఆ మే నెలలో బ్రిటిషు వైద్యమండలి అతని పేరును వైద్యుల పట్టికనుండి కొట్టివేసెను. పన్నెండేండ్లు! వదంతికి ఒక్క దినము చాలినచోట సత్యమునకు పన్నెండేండ్లు పట్టినవి.

ఈలోపల అన్వయవ్యతిరేక పరీక్షను అనేక దేశములు చేసినవి. డెన్మార్కున 1999 మొదలు 2010 వరకు పుట్టిన 6,57,461 మంది పిల్లలను ఏండ్లతరబడి గమనించి 2019లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఆ టీకా పడినవారిలోను, పడనివారిలోను ఆటిజము ఒకేవిధముగ ఉన్నది. టీకా వలన దాని ప్రమాదము ఇసుమంతయు పెరుగలేదు. జపాను దేశము 1993లో, గవదబిళ్లల అంశము కొందరికి మెదడుపొరల వాపు కలిగించుటచేత, తన సంయుక్త టీకాను మానివేసినది. అచ్చట యోకొహామా నగరమున లెక్కించి చూడగా, టీకా ఆగిన తరువాతను ఆటిజము గుర్తింపు పెరుగుచునే ఉండెను. కాకి లేచిపోయినను పండు రాలుచునే ఉన్నదన్నమాట. టీకాలలోని పాదరసము ఆటిజమునకు కారణమని మరియొక వాదము బయలుదేరగా, అమెరికా 2001 నాటికి పిల్లల సాధారణ టీకాలనుండి థయోమెర్సాల్ అను ఆ పాదరస సమ్మేళనమును తొలగించినది. అక్కడను ఆటిజము తగ్గలేదు. ఆటిజము గల బిడ్డలను పెంచుచున్న తల్లిదండ్రుల వేదన మిక్కిలి గాఢమైనది, వారి ప్రశ్నలు న్యాయమైనవి. ఆ ప్రశ్నలకు సమాధానముగా ఒక కల్పితకథను చేతబెట్టి, నిజమైన కారణాన్వేషణనుండియు, శిక్షణనుండియు వారి కాలమును ధనమును దారిమళ్లించుట క్షమింపరాని అపరాధము.

టీకాపై వదంతులు టీకా అంత పురాతనమైనవి. 1796లో ఎడ్వర్డు జెన్నర్ గోవుల పొదుగుపై లేచెడి బొబ్బల రసముతో మశూచిని నివారింపవచ్చునని నిరూపించిన కొలదికాలమునకే, టీకా వేయించుకొనినవారి శరీరములనుండి ఆవుల తలలు మొలచుచున్నట్లు లండనులో 1802లో వ్యంగ్యచిత్రము అచ్చయినది. ఆ సంవత్సరమే జూను నెలలో బొంబాయిలో మూడేండ్ల బాలికకు మన దేశమున తొలి టీకా వేసిరి. మద్రాసు ప్రభుత్వమున పనిచేసిన ఎల్లిస్ దొర, తెలుగు స్వతంత్ర ద్రావిడభాష యని 1816లో నిరూపించిన పండితుడు, టీకాను ప్రజలు ఒప్పుకొందురని తలంచి, అది ధన్వంతరికి తెలిసియుండినదే అన్నట్లు తమిళమున ఒక పురాణకథ రచించినాడు. అతని ఉద్దేశము మంచిదే. కాని మంచిపనికైనను కల్ల చెప్పరాదని నా నిశ్చయము; ఒకమారు అది కల్లయని తెలిసినచో, దానితో చేర్చి చెప్పిన సత్యమునుగూడ జనులు త్రోసిపుచ్చుదురు.

ఈ మాటకు మన ప్రాంతపు ఉదాహరణమే కలదు. గర్భాశయముఖ క్యాన్సరును నివారించెడి హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మకముగ 2009లో ఖమ్మము జిల్లా భద్రాచల ప్రాంతమునను, గుజరాతులోని వడోదరలోను వేలమంది బాలికలకు వేసిరి. కొంతకాలమునకు వారిలో ఏడుగురు మరణించిరను వార్త పొక్కగా, 2010 ఏప్రిలులో కార్యక్రమమును నిలిపివేసిరి. విచారణసంఘము ఆ మరణములను ఒక్కొక్కటిగా పరిశీలించెను: పాముకాటు, నీటమునుగుట, పురుగుమందు త్రాగుట, మలేరియా మొదలగు కారణములే కనబడినవి, టీకా కారణమనుటకు ఆధారము దొరకలేదు. కాని అదే విచారణలోను, 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఇచ్చిన నివేదికలోను మరియొక సంగతి బయటపడినది. గిరిజన వసతిగృహములలో ఉండి చదువుకొనుచున్న ఆ పిల్లల తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసికొనలేదు. పెక్కుచోట్ల అనుమతిపత్రములపై వార్డెనులును, ప్రధానోపాధ్యాయులును సంతకములు చేసిరి. టీకా నిర్దోషి, వేసిన తీరు దోషయుక్తము. ఆ దోషమును మొదటనే నివారించి, తల్లిదండ్రులను పిలిపించి, వారి భాషలో విడమరచి చెప్పియున్నచో, ఏడు ఇండ్ల దుఃఖము ఒక టీకాపై అపవాదుగా మారియుండెడిది కాదు. ఆ కార్యక్రమము ఆగినందువలన మన దేశమున ఆ టీకా విషయమై కలిగిన సందేహములు అనేక సంవత్సరములు తొలగలేదు.

ప్రజల నమ్మకమును తిరిగి ఎట్లు గెలుచుకొనవలెనో ఉత్తరప్రదేశపు పోలియో పోరాటము చూపినది. 2002లో భారతదేశమున 1,600 పోలియో కేసులు రాగా, అందులో నాలుగింట మూడు వంతులు ఆ ఒక్క రాష్ట్రముననే వచ్చినవి. మురాదాబాదు పరిసరములలోని పేదకుటుంబములలో, అందు ముస్లిం కుటుంబములలో విశేషముగా, చుక్కలమందు పిల్లలను గొడ్రాళ్లుగాను, నపుంసకులుగాను చేయునను వదంతి గట్టిగా పాతుకొనియుండెను. దానిని మూఢత్వమని తీసిపారవేయుట సులభము. కాని 1975-77 నాటి ఎమర్జెన్సీలో బలవంతముగా కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిపిన జ్ఞాపకము ఆ గ్రామములలో ఇంకను చల్లారలేదు. మురుగుకాలువ లేని వీధికి, మందుబిళ్ల దొరకని ఊరికి, ఏ అధికారియు రాని గుమ్మమునకు ఈ చుక్కలు మాత్రము మాటిమాటికి వచ్చుచుండుట వారికి వింతగా తోచినది. ఇది సహేతుకమైన అనుమానమే అని నేననుకొందును.

అప్పుడు అధికారులు చేసిన మంచిపని ఏమనగా, పైనుండి ఆజ్ఞలు జారీచేయుట మాని, ఆ వీధులలోని స్త్రీలనే వేలమందిని కార్యకర్తలుగా తీసికొనిరి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయము, జామియా మిలియా ఇస్లామియా మొదలగు సంస్థల అధ్యాపకులు ముందునకు వచ్చిరి. మసీదులలో ఇమాములు చుక్కల దినములను ప్రకటించిరి. పలువురు మతపెద్దలు తమ పిల్లలకే అందరి యెదుట చుక్కలు వేయించిరి. చుక్కలతోపాటు పరిశుభ్రత, విరేచనములకు ఓఆర్‌ఎస్ ద్రావణము, తల్లిపాలు మొదలగు మాటలనుగూడ ఇల్లిల్లు చెప్పించిరి. 2009లో 741 కేసులుండగా, 2010లో 42, 2011లో ఒకే ఒకటి. హౌరాలో 2011 జనవరి 13న కనబడిన ఆ కేసే మన దేశమున చివరి సహజ పోలియో కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆగ్నేయాసియా ప్రాంతమును పోలియోరహితమని ప్రకటించినది. నమ్మకము కలిగించినది పరిచితమైన ముఖము. ప్రకటనల పలకలకు అంతటి శక్తి లేదు.

టీకాలు విదేశీయులు మన సంతతిని నశింపజేయుటకు పన్నిన పన్నాగమను మాట అప్పుడప్పుడు మన ఊళ్లలోను వినబడుచుండును. అట్లు పలుకువారికి హైదరాబాదు నగరమును చూపవలెను. హెపటైటిస్-బి టీకా విదేశముల నుండి వచ్చుచు సామాన్యునికి అందని వెలలో ఉన్న కాలమున, వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని ఇచ్చటనే తయారుచేసి వెలను నేలకు దింపినది. శిశువుల ప్రాణములు తీసెడి రోటావైరసు విరేచనములకు చుక్కలమందైన రోటావాక్‌ను, ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన శిశువులనుండి లభించిన వైరసుతో, హైదరాబాదులోని భారత్ బయోటెక్ సిద్ధము చేసినది. 2016లో దానిని జాతీయ కార్యక్రమమున ముందుగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బయలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అనునవియు ఇచ్చటివే. ఈ నగరమున నిండెడి బుడ్లు ఆఫ్రికా పసిపాపల చేతులవరకు పోవుచున్నవి. ఆ కర్మాగారములలో పనిచేయువారి పిల్లలును ఆ టీకాలే వేయించుకొనుచున్నారు.

ఇంతమాత్రముచేత టీకాలకు దోషమే లేదని వాదించుట నా ఉద్దేశము గాదు. అట్లు చెప్పినచో నేనును ఎల్లిస్ దొర చేసిన పొరపాటే చేసినవాడనగుదును. సూదిపడిన చోట వాపును నొప్పియు, ఒకటి రెండు దినముల జ్వరమును సర్వసాధారణము. బీసీజీ టీకా వేసిన భుజముపై కొన్ని వారములకు కురుపు లేచి, చీముపట్టి, మచ్చ మిగులును. అది మందు పనిచేయుచున్నదనుటకు చిహ్నము, దానికి పసరులు పూయనక్కరలేదు. చాల అరుదుగా, పది లక్షల మోతాదులకు ఒకరికి అన్నట్లు, తీవ్రమైన అలెర్జీ కలుగును. అందుకే సూది వేసిన పిదప అరగంట అక్కడనే కూర్చుండుమందురు. అమెరికాలో 1998లో అనుమతి పొందిన తొలి రోటావైరస్ టీకా కొందరు శిశువులకు ప్రేగులో ఒక భాగము మరియొక భాగములోనికి చొచ్చుకొనుటకు కారణమగుచున్నదని తేలగా, 1999లో దానిని వెనుకకు తీసికొనిరి. ఈ సంగతులను దాచవలసిన పనిలేదు. ప్రమాదమును కనిపెట్టి, లెక్కించి, ప్రకటించి, మందును మానిపించెడి యంత్రాంగము ఉన్నదనుటకు ఇవే సాక్ష్యములు.

ఇక టీకా మానుకొనినచో ఎదురగు దానినిగూడ తక్కెడ రెండవవైపున పెట్టి చూడవలెను. తట్టును మన పెద్దలు అమ్మవారని వేపాకులు కట్టి గౌరవముతో సాగనంపినవారే. కాని ఆ వ్యాధి సామాన్యమైనది కాదు. రోగి దగ్గి వెడలిపోయిన గదిలో రెండు గంటలవరకు వైరసు గాలిలో నిలిచియుండును; రక్షణ లేని సమాజమున ఒక్కరినుండి పన్నెండు మొదలు పదునెనిమిది మందికి అంటుకొనును. న్యుమోనియా, విరేచనములు, అంధత్వము, మెదడువాపు దాని వెంట వచ్చును. అంతకుమునుపు శరీరము అలవరచుకొనిన ఇతర రోగముల రక్షణను సైతము అది కొంత చెరిపివేయునని ఇటీవల తేలినది. 1963లో టీకా రాకపూర్వము ఏటేట లోకమున సుమారు 26 లక్షలమంది దానిచే మరణించుచుండిరి. నూటికి 95 మందికి రెండు మోతాదులు పడిననే, సూది వేయుటకు వీలులేని చిన్నారులకు, వ్యాధిగ్రస్తులకు రక్షణ కలుగును. తెలుగు కుటుంబములు వేలకొలది నివసించుచున్న అమెరికాలోని టెక్సాసు రాష్ట్రముననే 2025లో ఈ రక్షణ సన్నగిల్లిన ఒక ప్రాంతమున తట్టు ప్రబలి, టీకా పడని ఇద్దరు పిల్లలు ప్రాణములు కోల్పోయిరి.

2017 ఆగస్టులో ఉభయ తెలుగు రాష్ట్రములలో తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్లవరకు పిల్లలందరికి తట్టు-రుబెల్లా టీకా వేయు కార్యక్రమము మొదలైనది. అదే టీకాపై కొన్ని నెలలకు ముందు తమిళనాటను, కర్ణాటకమునను వాట్సాపు సందేశములు విపరీతముగా వ్యాపించియుండెను. వాటి రచనావిధానము ఎప్పుడును ఒక్కటే: ఊరిపేరు ఉండదు, లేక మన ఊరికి దూరమైనది ఉండును; తేదీ ఉండదు; చెప్పిన వైద్యుని పేరుండిన ఆసుపత్రి పేరుండదు; చివర, వెంటనే పదిమందికి పంపుడని ప్రార్థన ఉండును. మీ చేతిలోని సెల్‌ఫోనునకు అట్టి సందేశము వచ్చినప్పుడు, ముందునకు త్రోయకమునుపు ఏ ఊరు, ఏ దినము, ఎవరు పరీక్షించిరి అను మూడు ప్రశ్నలు వేయుడు. బదులు లేనిచో అచ్చటనే ఆపుడు. పంపినవారు మీ బావగారో, పిన్నిగారో అయినచో నలుగురిలో వారిని చిన్నబుచ్చక, విడిగా మాటలాడుడు. భయముతో పంపినవారు అవమానముచేత మారరు.

ఇంటికి వచ్చు ఆశా కార్యకర్తను, ఏఎన్ఎం‌ను ప్రశ్నించుటకు తల్లులు సంకోచింపరాదు. “మొన్న సూది వేయించినప్పుడు రెండు రోజులు జ్వరం కాసిందమ్మా, మళ్లీ ఎందుకు?” అని అడిగిన తల్లిని కసరుట ఆరోగ్యశాఖ చేయగల పెద్ద అపచారము. ఏ టీకా వేయుచున్నారు, ఏ వ్యాధికి వేయుచున్నారు, ఏ లక్షణములు రావచ్చును, వచ్చిన ఏమి చేయవలెను, మరల ఎప్పుడు రావలెను అని ప్రతి తల్లికి చెప్పవలెనని వారికి శిక్షణయందే బోధించుదురు. వారు మరచినచో మీరు అడుగుడు. పొడిమందును నీటితో కలిపిన గంటను బుడ్డిపై వ్రాసిరా, కలిపి నాలుగు గంటలు దాటినదానిని పారవేయుచున్నారా అనిగూడ అడుగవచ్చును. ఇచ్చిన మాత్ర పేరు చదివించుకొనుడు. ఇట్లు ప్రశ్నించుట టీకాను అనుమానించుట కాదు, దానిని కాపాడుట. సవాయిలోను, హైదరాబాదులోను ఎవరైనను బుడ్డి పేరు, మాత్ర పేరు పైకి చదివియున్నచో ఆ బిడ్డలు బ్రతికియుందురు.

ఏ వదంతి కారణముననో మీ ఇంటి బిడ్డకు, మీ వీధిలోని బిడ్డకు టీకా తప్పిపోయినచో కాలము మించినదని విడిచిపెట్టకుడు. తొమ్మిది నెలలకు పడవలసిన తట్టు-రుబెల్లా టీకాను ఐదేండ్లు నిండువరకు వేయుదురు. రెండవ మోతాదు పదునారు నెలల పిదప పడవలెను. బుధ, శనివారములలో మీ ఊరి ఉపకేంద్రమునందో, అంగన్‌వాడీ యందో అవి ఉచితముగా లభించును. కార్డు వెంట తీసికొనిపొండు. కార్డు పోయినదను సాకుతో బిడ్డను ఇంట ఉంచకుడు, అక్కడ క్రొత్తది వ్రాసి ఇచ్చెదరు.